బెంగళూరులో రాక్ బ్యాండ్ పెట్టడం, మనుషులు మారినా నిలబెట్టుకోవడం

బెంగళూరులో రాక్ బ్యాండ్ పెట్టాలనుకునే తెలుగు కుర్రకారు మొదటి రోజే మనసులో పెట్టుకోవలసిన విషయం ఒకటుంది: ఇవాళ గదిలో ఉన్న నలుగురే రెండేళ్ల తర్వాత కూడా ఉంటారని అనుకోకూడదు. మనవాళ్లలో చాలామంది ఈ ఊరికి చదువు కోసమో ఉద్యోగం కోసమో వచ్చినవారు. ఒకరికి హైదరాబాదుకు బదిలీ అవుతుంది, ఒకరు ఎంఎస్ చేయడానికి అమెరికా వెళతారు, మరొకరికి పెళ్లి కుదిరి శని, ఆదివారాలు చేతిలో ఉండవు. కనుక బ్యాండును మనుషుల మీద కాక పాటల మీద నిలబెట్టాలి. ఏ పాటా ఒక్కరి బుర్రలోనే ఉండిపోకుండా చూసుకోవాలి.

గిటారు వాయించేవారు మారతహళ్లిలోనైనా, బీటీఎం లేఅవుట్‌లోనైనా సులువుగానే దొరుకుతారు. దొరకనిది డ్రమ్మర్. పీజీ గదిలో డ్రమ్ కిట్ పెట్టుకోవడం కుదరదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. అందువల్ల వెతుకులాట డ్రమ్మర్‌తో మొదలుపెట్టి, ఆ తర్వాత బేసిస్టును (బేస్ గిటారు వాయించేవారిని), ఆపైన మిగిలినవారిని చూసుకోవడం మేలు. ఆడిషన్‌కు వారం ముందే రెండు పాటలు పంపాలి, ఒకటి కవర్ (వేరేవారి పాట), ఒకటి ఓసీ (ఒరిజినల్ కంపోజిషన్, అంటే మీ సొంత పాట). ఆ రోజు అందరూ కలిసి ఒకసారి వాయించాక, గిటార్లను, గొంతును ఆపి కిక్ డ్రమ్మును (కాలితో మోగించే పెద్ద డ్రమ్మును), బేసును మాత్రమే వినండి. రెండు దెబ్బలూ ఒకేసారి పడుతున్నాయా, ఒకటి వెనకపడుతోందా అన్నది అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత అదే పాటను మెట్రోనోమ్‌లో (లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరంలో) 20 బీపీఎం (నిమిషానికి పడే దెబ్బల లెక్క) తగ్గించి వాయించమనండి. వేగంలో దాగిపోయే తడబాటు నెమ్మదిలో దాగదు. వాల్యూమ్ తగ్గించమన్నప్పుడు ముఖం మాడ్చుకోకుండా తగ్గించేవారిని, చేయి కాస్త తక్కువ తిరిగినా, వదులుకోకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

జామ్‌ప్యాడ్‌కు (బ్యాండ్లు సాధన చేసుకునే గదికి) గంటల లెక్కన అద్దె కట్టాలి కాబట్టి, ఏయే పాటలు వాయించాలో ముందురోజే తేల్చుకోండి. వాదనలు బయట టీ కొట్టు దగ్గర పెట్టుకోవచ్చు.

ఇక అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసిన పని, ప్రతి ఓసీకీ ఒక పాట కాగితం రాసిపెట్టుకోవడం. అందులో శ్రుతి, బీపీఎం, ట్యూనింగ్, ఎన్ని బార్లకు (తాళం ఆవర్తనాలకు) ఏం వస్తుందో ఉండాలి. ఉదాహరణకు: ‘ఇ’ మైనర్, 132 బీపీఎం, ఇంట్రో 4 బార్లు, పల్లవి 8, రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పలుకు) 4, చరణం 16, సోలో 8, చివర పల్లవి రెండుసార్లు. కౌంట్ ఎవరిస్తారు, సోలో నుంచి పల్లవికి రావడానికి ఎవరు సైగ చేస్తారు, ముగింపులో సింబల్‌ను (డ్రమ్ కిట్‌లోని లోహపు పళ్లేన్ని) మోగనివ్వాలా, చేత్తో పట్టి ఆపాలా అన్నవి కూడా రాయాలి. కొత్తవారు వేదిక మీద తడబడేది సాధారణంగా ఇటువంటి చోట్లనే. కాగితంతో పాటు రెండు రికార్డింగులు ఉంచండి: ఒకటి పూర్తి పాట, రెండోది ఒక్కొక్క వాయిద్యం విడివిడిగా.

గాయకుడు వెళ్లి గాయని వచ్చినప్పుడు చిక్కు పెద్దది. మగ గొంతుకు కుదిర్చిన పాట ఆడ గొంతుకు తరచుగా నాలుగైదు స్వరాలు అటో ఇటో జరపవలసి వస్తుంది. ‘ఇ’ మైనర్‌లో కట్టిన రిఫ్ బలమంతా గిటారు ఆరో తీగ ఓపెన్‌గా మోగడంలో ఉంటుంది. ‘జి’కి మారిస్తే ఆ మోత పోతుంది, మూడో ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డమెట్టు) మీద కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు) పెడితే మోత మిగులుతుంది గానీ బరువు తగ్గుతుంది. కనుక ముందుగా ఓపెన్ తీగ దొరికే శ్రుతినే ప్రయత్నించాలి. ‘ఎ’ మైనర్ అయితే ఆరో తీగ మీది పవర్ కార్డులను (రెండు స్వరాలను కలిపి మోగించే పట్లను) అవే వేళ్లతో ఐదో తీగ మీదికి జరిపేయవచ్చు. తగ్గిన బరువును బేసిస్టు కింది స్థాయిలో వాయించి పూరిస్తాడు. కొత్త గొంతును పాత శ్రుతికి లొంగదీయాలని చూస్తే చరణం చివర అరుపే మిగులుతుంది, పాట మిగలదు.

హక్కుల విషయం స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం వేరు, సంగీతం వేరు. వేరే ఒప్పందం లేకపోతే రాసినవారికి, బాణీ కట్టినవారికి మొదటి హక్కు ఉంటుంది. అది రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. బ్యాండు విడిచినంత మాత్రాన ఆ హక్కు పోదు. అందుకే ప్రతి పాట కాగితం అడుగున సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత, సభ్యుడు వెళ్లాక బ్యాండు ఆ పాటను వాయించుకోవచ్చా అన్నది రాసి అందరూ సంతకం చేయాలి. స్టూడియో ఖర్చు ఒక్కరే పెట్టుకుంటే, ఆ రికార్డింగు ఎవరిదన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. బ్యాండు పేరును ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయించదలిస్తే వినోద సేవలు 41వ తరగతి కిందికి వస్తాయి. దరఖాస్తు ఒక్కరి పేరు మీద కాక అందరి పేరు మీదా వేయండి.

“అన్నా, పుణెకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది” అని ఎవరైనా చెప్పిన రోజున అలగకుండా తేదీలు మాట్లాడుకోవాలి. ఒప్పుకున్న గిగ్గులు (ప్రదర్శనలు) పూర్తి చేసి వెళ్లగలరా, లేకుంటే ఆ ఒక్క ప్రదర్శనకు సెషన్ ప్లేయర్‌ను (డబ్బు తీసుకుని వాయించి వెళ్లేవారిని) పిలవాలా అని తేల్చుకోవాలి. వెళ్లేవారిని రెండు జామ్‌లకైనా కూర్చోబెట్టి, వాయిద్యం కొత్తవారి చేతిలో పెట్టి, పాటలు చూపించమనాలి. పాత సభ్యుడు తిరిగి వస్తే కొత్తవారిని పంపేయనక్కరలేదు. 1999లో గాయకుడు బ్రూస్ డికిన్సన్, గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మైడెన్‌కు తిరిగి వచ్చినప్పుడు, స్మిత్ స్థానంలో చేరిన జానిక్ గెర్స్‌ను ఆ బ్యాండు వదులుకోలేదు. 2007 మార్చిలో మన ప్యాలెస్ గ్రౌండ్స్ వేదిక మీద ముగ్గురు గిటారిస్టులూ కలిసి వాయించారు.

కొత్త సభ్యులతో మొదటి ప్రదర్శనగా పోటీని ఎంచుకోకండి. ఐదారు పాటలకు మించని సెట్‌లిస్ట్‌తో ఏదైనా చిన్న వేదిక మీద మొదలుపెట్టండి. వాయించినదంతా రికార్డు చేసి, ఆ వారమే అందరూ కలిసి విని, మారినవాటిని పాట కాగితాల్లో దిద్దుకోండి.