మందు మీద వార్త వచ్చిందా? మాత్ర ఆపే ముందు ఇది చదవండి

ఫలానా మందులో విషపదార్థం దొరికిందనో, ట్రయల్‌లో (మందును మనుషుల మీద పరీక్షించేటప్పుడు) ఎవరో చనిపోయారనో వార్త రాగానే ఇంట్లో జరిగే మొదటి పని, మాత్రల డబ్బా పక్కన పడేయడం. వాట్సాప్‌లో వచ్చిందల్లా నమ్మొద్దని మళ్లీ చెప్పక్కర్లేదు. నిజమైన వార్తే అయినా సరే, వాడుతున్న మాత్రను మీ అంతట మీరు ఆపకండి.

ఎందుకంటే:

బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు, గుండెను పరుగెత్తించే అడ్రినలిన్ హార్మోన్‌ను గుండెకు తగలనివ్వవు. నెలల తరబడి వాడితే, దాన్ని అందుకునే గ్రాహకాలను గుండె పెంచుకుంటుంది. ఠక్కున మానేస్తే అన్నిటి మీదా ఒకేసారి దెబ్బ పడుతుంది: ఛాతీనొప్పి, ఒక్కోసారి గుండెపోటు. మానాల్సి వస్తే ఒకటి రెండు వారాల్లో డోసు తగ్గిస్తూ పోవాలి, అదీ డాక్టర్ చెప్పినట్టే. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వారాలపాటు వాడినవాళ్ల ఒంట్లో, అలాంటిదే అయిన సొంత హార్మోన్ కార్టిసాల్ తయారీ మందగిస్తుంది. హఠాత్తుగా ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం. ఫిట్స్ మందు, స్టెంట్ వేశాక ఇచ్చే మందు సంగతీ అంతే. ఆపకండి.

ఇక వార్త చదవడం.

"రెట్టింపు ముప్పు" అని ఉంటే, ఎంతకు రెట్టింపో చూడండి. 1995లో బ్రిటన్‌లో కొన్ని గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపని హెచ్చరిక వచ్చింది. అసలు లెక్క: 7,000 మందిలో ఒకరికి బదులు ఇద్దరు. భయపడి చాలామంది మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రలతో కంటే గర్భంతోనే ఎక్కువన్నది ఎవరికీ గుర్తు రాలేదు.

"వెనక్కి తీసుకున్నారు" అంటే మొత్తం మందా, కొన్ని బ్యాచ్‌లా? 2018లో బీపీ మందు వల్సార్టాన్‌లో, క్యాన్సర్ తేవచ్చని భావించే ఎన్‌డీఎంఏ అనే రసాయనం దొరికినప్పుడు వెనక్కి వచ్చింది కొన్ని కంపెనీల సరుకే. ప్రత్యామ్నాయం చేతికొచ్చేదాకా పాత మాత్రే వేసుకోమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పింది.

స్ట్రిప్ అంచున బ్యాచ్ నంబరు ఉంటుంది. మాత్రలు రెండో చివర నుంచి తీయండి, నంబరున్న ముక్క ఆఖరిదాకా ఉంచండి.

"అద్భుత మందు వస్తోంది" అన్న వార్తా ప్రమాదమే. మనుషుల మీద ట్రయల్ మొదలైన మందుల్లో ఆమోదం దాకా చేరేది దాదాపు పదింట ఒకటి. ఎలుకల దశలో ఉన్నదాన్ని నమ్మి షుగర్ మందు మానకండి.

రోజు విడిచి రోజు వేసుకోవడమూ సగం ఆపడమే. వద్దు.

సగం విరిచి వేసుకోవద్దు.

పక్కింటివాళ్ల బ్రాండుకు మారొద్దు.

కడుపులో బిడ్డకు హాని చేయగల ఫిట్స్ మందు వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భమని తెలిసిందా? ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి. అప్పటిదాకా ఆపకండి.

ట్రయల్‌లో ఉన్నారా? ఎప్పుడైనా తప్పుకునే హక్కు మీకుంది. కానీ చెప్పకుండా మాత్రలు మానొద్దు. వేరే మందులు వాడుతుంటే దాచొద్దు.

ముఖ్యమైన మినహాయింపు: మందు వేసుకున్నాక ముఖం, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంకో మాత్ర వేసుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి.

వార్త రాత్రి వచ్చిందా? ఆ పూట మాత్ర వేసుకుని, పొద్దున్నే డాక్టర్‌కు ఫోన్ చేయండి.