సరిహద్దు దుకాణాల్లో జీఎస్టీ బాకీ లెక్క టాలీలో ఎలా రాయాలి?

ఆంధ్ర సరిహద్దుకు ఒడిశా వైపున్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దుకాణాల్లో టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) పుస్తకాలు తెరిస్తే ఎక్కువగా ఒకే తప్పు కనబడుతుంది. ‘జీఎస్టీ’ అని ఒకే ఖాతా పెట్టి కొనుగోలు పన్ను, అమ్మకం పన్ను, చలానా అన్నీ అందులోనే రాసేస్తారు. 2017 జూలై 1న జీఎస్టీ రాకముందు, వ్యాట్ రోజుల నుంచి వచ్చిన అలవాటది. విశాఖలో కొని ఒడిశాలో అమ్మేవారు ఇలా రాస్తే చేతి డబ్బు పోతుంది.

రాష్ట్రాల మధ్య అమ్మకంపై పడేది ఐజీఎస్టీ. ఒకే రాష్ట్రంలో అమ్మితే పన్ను సగం కేంద్రానికి సీజీఎస్టీగా, సగం రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీగా పడుతుంది. ఈ మూడింటికీ ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను, అంటే మీకొచ్చే క్రెడిట్) ఒకటి, అవుట్‌పుట్ (అమ్మకంపై కట్టవలసిన పన్ను) ఒకటి చొప్పున ఆరు ఖాతాలు తెరవండి. మూడు చాలంటారు కొందరు. చాలవు. మూడే ఉంటే మిగిలిన నిల్వ కనిపిస్తుంది కానీ, రావలసింది ఎంతో, కట్టవలసింది ఎంతో విడిగా కనిపించదు. సరుకుల పన్ను రేట్లు కూడా ఒకసారి సరిచూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై 28 కాదు, 18 శాతం.

బిల్లులో రాష్ట్రం పేరు ఖాళీగా వదలకండి. ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని పాతపట్నం (ఆంధ్ర) ఖాతాదారు మీ దగ్గర కొన్నప్పుడు బిల్లు మీద అతని ఆంధ్ర చిరునామా ఉంటే ఐజీఎస్టీ పడుతుంది. చిరునామా లేకపోతే మీ రాష్ట్రంలో అమ్మినట్టే, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి. 2023 అక్టోబరు 1 నుంచి ఇదీ నియమం. తప్పు పద్దులో కడితే సరైన పద్దులో మళ్లీ కట్టి, మొదటిది రీఫండుగా అడగాలి. వడ్డీ పడదు కానీ, అది చేతికొచ్చేదాకా డబ్బు ఇరుక్కుంటుంది.

బండికి పోయించిన డీజిల్ ఇప్పటికీ వ్యాట్ కిందే ఉంది. దానికి క్రెడిట్ లేదు కనుక బిల్లు మొత్తాన్నీ ఖర్చులో రాయండి.

తర్వాతి నెల 14వ తేదీన వచ్చే జీఎస్టీఆర్-2బీతో (సరఫరాదారులు చూపిన బిల్లుల ప్రకారం మీకు దక్కే క్రెడిట్ జాబితా) ఇన్‌పుట్ ఖాతాలను బిల్లు బిల్లుగా సరిపోల్చండి. 2022 జనవరి నుంచి అందులో లేని బిల్లుకు క్రెడిట్ తీసుకోకూడదు. సరఫరాదారుకు ఆ రోజే ఫోను చేయండి, రిటర్న్ గడువుకు ముందురోజు 19న కాదు.

ఇక అసలు చిక్కు క్రెడిట్‌ను బాకీకి సర్దుబాటు చేసే దగ్గర. ఇక్కడ తొందరపడకండి. ఐజీఎస్టీ క్రెడిట్‌ను ముందుగా ఐజీఎస్టీ బాకీకి, మిగిలినదాన్ని సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు మీకు నచ్చిన వరుసలో, నచ్చినంత పంచుకోవచ్చు. అది పూర్తిగా ఖర్చయ్యాకే మిగతా రెంటిని ముట్టుకోవాలి. పైగా సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ బాకీ తీర్చడం కుదరదు, ఎస్‌జీఎస్టీతో సీజీఎస్టీ కూడా అంతే. ఈ నిబంధన వల్లే పంపకం ముఖ్యమవుతుంది.

ఒక నెల లెక్క చూద్దాం. విశాఖ నుంచి లక్ష రూపాయల సిమెంటు తెచ్చారు, ఐజీఎస్టీ 18,000. బరంపురంలో 20,000 సరుకు కొన్నారు, సీజీఎస్టీ 1,800, ఎస్‌జీఎస్టీ 1,800. ఊళ్లో అమ్మకం 1,20,000. దాని మీద సీజీఎస్టీ 10,800, ఎస్‌జీఎస్టీ 10,800 బాకీ. క్రెడిట్ 21,600, బాకీ 21,600.

ఇప్పుడు ఐజీఎస్టీలో 10,800 తీసి సీజీఎస్టీని పూర్తిగా తీర్చేశారనుకోండి. మిగిలిన 7,200, దానికి తోడు ఎస్‌జీఎస్టీ క్రెడిట్ 1,800 కలిపి ఎస్‌జీఎస్టీకి పెట్టినా ఇంకా 1,800 నగదు కట్టాలి. అటు సీజీఎస్టీలో 1,800 క్రెడిట్ ఊరికే పడి ఉంటుంది. అదే ఐజీఎస్టీని తొమ్మిదివేల చొప్పున రెండింటికీ పంచితే పైసా కట్టనక్కరలేదు. జీఎస్టీ పోర్టల్ చూపే పంపకం అంకెలను కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. వాటిని మార్చుకునే వీలుంది. ముందు కాగితం మీద వేసుకోండి. ఎక్సెల్ కన్నా కాగితమే నయం, ఎందుకంటే ప్రతి అంకెనూ మీ చేత్తో రాస్తారు.

పోర్టల్‌లో 20వ తేదీలోగా నెలవారీ రిటర్న్ అయిన జీఎస్టీఆర్-3బీ వేశాక, అదే పంపకాన్ని టాలీలో జర్నల్ ఎంట్రీగా (ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు సర్దుబాటుగా) రాయండి. ఆపైన ఆరు ఖాతాల నిల్వలను పోర్టల్ లెడ్జర్‌తో పోల్చండి. రూపాయి తేడా ఉన్నా అది తేలాకే వచ్చే నెల పద్దు మొదలుపెట్టండి.