సొంతంగా డిజైన్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఉచిత ఫొటోలు ఎక్కడ దొరుకుతాయి, ఎలా వాడాలి

గత పాఠంలో మన పాంఫ్లెట్‌కి కాగితం సైజు, మార్జిన్లు ఖాయం చేసుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా తెరుస్తున్న కర్రీ పాయింట్ కోసం ఏ5 పాంఫ్లెట్, ఒకవైపే ప్రింట్. ఇవాళ అందులోకి కావలసిన ఫొటోలు, బొమ్మలు వెతుకుదాం. రూపాయి ఖర్చు కాకూడదు, రేపు ఎవరూ వచ్చి ‘ఇది నా ఫొటో’ అని నిలదీయకూడదు.

ముందు ఒక అలవాటు మానుకోవాలి. గూగుల్‌లో కనిపించిన ఫొటోనల్లా సేవ్ చేసుకోవడం. గూగుల్ ఆ ఫొటో ఎక్కడుందో చూపిస్తుంది, దాన్ని వాడుకునే అనుమతి ఇవ్వదు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినవారు బతికున్నంత కాలం, ఆ తరవాత ఇంకో 60 ఏళ్లు దాని మీద హక్కు ఉంటుంది. వాటర్‌మార్క్ లేకపోయినంత మాత్రాన హక్కు పోదు. గూగుల్‌లోనే వెతకాలనుకుంటే టూల్స్ నొక్కి, యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ (కొన్ని షరతులతో అందరికీ వాడుకోనిచ్చే లైసెన్సులు, క్లుప్తంగా సీసీ) ఎంచుకోండి. తరవాత ఫొటో ఉన్న అసలు పేజీ తెరిచి లైసెన్స్ చదవండి.

నేర్చుకునేవాళ్లు అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబేలతో మొదలుపెట్టడం మంచిది. మూడింటిలోనూ వ్యాపార పనులకు ఉచితంగా వాడుకోవచ్చు, పేరు వేయడం తప్పనిసరి కాదు. ఫొటోను ఉన్నది ఉన్నట్టు అమ్ముకోకూడదు. ఒక జాగ్రత్త: వెతికినప్పుడు ఉచిత ఫొటోల మధ్యే డబ్బు కట్టాల్సినవి కూడా వస్తాయి. అన్‌స్ప్లాష్ ప్లస్ అని ఉన్నా, ఐస్టాక్ పేరు కనిపించినా అవి ఉచితం కాదు. డౌన్‌లోడ్ నొక్కేముందు ఆ గుర్తు చూసుకోండి.

అసలు కష్టం వెతకడంలో ఉంది. ‘ఫుడ్’ అని కొడితే పాస్తా, సలాడ్, తెల్ల పాలరాతి బల్ల వస్తాయి. అవి పెట్టి కర్రీ పాయింట్ పాంఫ్లెట్ చేస్తే మన వీధిలో ఎవరికీ ఆకలి వేయదు. ఫొటోలు పెట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి వాళ్లు పెట్టే పేర్లతోనే వెతకాలి. వంకాయకు ‘ఎగ్‌ప్లాంట్’, బెండకాయకు ‘ఓక్రా’ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మునక్కాయ కోసం ‘డ్రమ్‌స్టిక్’ అంటే కోడి కాళ్లు, డోలు కర్రలు కూడా వచ్చిపడతాయి. ‘మోరింగా’ అని కొట్టి చూడండి. వస్తువు పేరుతో పాటు దాని చుట్టూ ఉండేవి కూడా చేర్చండి: అరిటాకు, ఇత్తడి గిన్నె, ఎండుమిర్చి, కరివేపాకు. నా లెక్కలో పాంఫ్లెట్‌కి పనికొచ్చేవి ఇలాంటి ఫొటోలే.

కూర ఫొటో మాత్రం ఉచిత సైట్ల నుంచి తీసుకోవద్దు. ఎవరో ఎక్కడో వండిన గుత్తి వంకాయ చూపించి మనం ఇంకో కూర అమ్మితే కొనేవాళ్లకు అన్యాయం చేసినట్టే. కూరను కిటికీ పక్కన పెట్టి, పగటి వెలుతురులో ఫోన్‌తో మీరే తీయండి. వెనక కనిపించే మసాలాలు, ఆకులు, చెక్క బల్ల ఉచిత ఫొటోల్లోంచి తెచ్చుకోండి. మనుషుల ముఖాలకూ ఇదే వర్తిస్తుంది. ఫొటోలోని నవ్వే ఆవిడను ‘మా వంటమ్మ’ అని చూపిస్తే, మన దుకాణాన్ని ఆమె మెచ్చుకున్నట్టు అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ సైట్ల నిబంధనలు కూడా దీన్ని ఒప్పుకోవు.

మన ఊరు కనిపించాలంటే వికీపీడియాకు అనుబంధంగా ఉన్న ఫొటోల సైట్ వికీమీడియా కామన్స్‌కి వెళ్లండి. చార్మినార్, గోల్కొండ, బోనాలు, బతుకమ్మ అన్నీ అక్కడ దొరుకుతాయి. ఆరో నిజాం కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ తీసిన పాత ఫొటోలూ ఉన్నాయి. ఆయన 1905లో చనిపోయారు కాబట్టి ఆ ఫొటోల మీద కాపీరైట్ ఎప్పుడో ముగిసింది. పాత హైదరాబాద్ రుచి అని చెప్పుకునే కర్రీ పాయింట్‌కి అంతకంటే మంచి బ్యాక్‌గ్రౌండ్ దొరకదు. పాత చిత్రాలు కావాలంటే న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్ చూడండి. కాపీరైట్ లేని తన సేకరణ ఫొటోలను ఆ మ్యూజియం 2017లో అందరికీ వదిలేసింది. ‘దక్కన్’ అని వెతికితే మన ప్రాంతపు సూక్ష్మ చిత్రాలు వస్తాయి. వాటి అంచుల్లోని పూల తీగలు బోర్డర్లకు బాగా పనికొస్తాయి.

వికీమీడియా కామన్స్‌లో ఏ ఫొటో లైసెన్స్ ఆ ఫొటోదే, అందుకే ఫొటో కిందున్న లైసెన్స్ పెట్టె తప్పక చదవాలి. సీసీ0 లేదా పబ్లిక్ డొమైన్ అని ఉంటే స్వేచ్ఛగా వాడండి. సీసీ బై అంటే ఫొటోగ్రాఫర్ పేరు, లైసెన్స్ పేరు వేయాలి. పాంఫ్లెట్ కింది అంచున చిన్న అక్షరాల్లో వేస్తే సరిపోతుంది. ఎస్ఏ కూడా ఉంటే, ఆ ఫొటోను మార్చి మీరు చేసినదాన్ని అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. కస్టమర్ పనికి అది చిక్కు, వేరే ఫొటో వెతకడం మేలు. ఇతర సైట్లలో ఎన్‌సీ అని కనిపిస్తే వ్యాపారానికి కుదరదు, ఎన్‌డీ అంటే ఫొటోను మార్చి వాడకూడదు.

ఐకాన్లు, గీతల బొమ్మలకు అన్‌డ్రా, ఓపెన్‌క్లిపార్ట్ ఉన్నాయి. ఫ్రీపిక్‌లో ఉచితంగా దించుకుంటే క్రెడిట్ ఇవ్వాలి. వీలైతే ఎస్‌వీజీ ఫైల్ తీసుకోండి, ఎంత పెద్దది చేసినా అంచులు చెడవు. పీఎన్‌జీ ఫైల్లో బొమ్మ వెనక ఖాళీగా (పారదర్శకంగా) ఉండొచ్చు, ఆ ఖాళీని గళ్లతో చూపిస్తారు. కానీ కొన్ని ఫైళ్లలో ఆ గళ్లు బొమ్మలోనే భాగంగా ఉంటాయి. తెరిచి చూశాకే నమ్మండి.

ఇక సైజు. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన ఏ5 మొత్తం నిండాలంటే 1748 × 2480 పిక్సెళ్లు కావాలి, బ్లీడ్ (కత్తిరించేటప్పుడు పోయేలా అంచు దాటి వదిలే భాగం) ఉంటే ఇంకొంచెం ఎక్కువ. అదే ఫొటోను 6 అడుగుల ఫ్లెక్సీకి వాడితే దూరం నుంచి చూస్తారు కాబట్టి అంగుళానికి 72 చాలు. అలా చూసినా వెడల్పు 5184 పిక్సెళ్లు అవుతుంది. అందుకే దొరికిన వాటిలో పెద్ద సైజే దించుకోండి. ప్రెస్‌కి వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

దించుకున్న ప్రతి ఫైల్‌కీ ఒక షీట్‌లో వరస రాయండి: ఫైల్ పేరు, లింక్, ఫొటోగ్రాఫర్ పేరు, లైసెన్స్, తేదీ. లైసెన్స్ పేజీ స్క్రీన్‌షాట్ కూడా దాచండి. సైట్లు నిబంధనలు మారుస్తాయి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో సీసీ0 వదిలి సొంత లైసెన్స్‌కి మారాయి. మీరు ఏ రోజు ఏ షరతు మీద తీసుకున్నారో చూపించగలిగితే టెన్షన్ ఉండదు.

ఈ వారం పని: వెనక బల్ల లేదా గోడ కోసం ఒక ఫొటో, మసాలాలవి రెండు, కామన్స్ నుంచి పాత హైదరాబాద్‌ది ఒకటి, ఎస్‌వీజీ ఐకాన్లు మూడు వెతకండి. షీట్ నింపండి. కూర ఫొటో మీరే తీయండి. 5వ పాఠంలో ఆ కూర గిన్నె వెనకున్న బ్యాక్‌గ్రౌండ్ తీసేసి వీటిమీద కూర్చుదాం.