కొండ పరుగుల సీజన్ వచ్చింది: దిగుడులో కాళ్లు వదిలెయ్యకండి

పోయిన ఆదివారం తెల్లవారాక అనంతగిరి ఘాట్ రోడ్డులో మా గ్రూపు కుర్రాడు పడిపోయాడు. ఇరవై ఆరేళ్లవాడు. ఎక్కేటప్పుడు మా అందరికంటే ముందున్నాడు. దిగేటప్పుడు ఒక మలుపులో, చెట్ల నీడన తారు మీద పాచి పట్టిన చోట కాలు జారింది. ఆపుకోవడానికి చెయ్యి ఆనించాడు. కుడి మణికట్టు విరిగింది, గడ్డం కింద ఆరు కుట్లు పడ్డాయి. వెనకాలే కూరగాయల వ్యాను దిగుతోంది. డ్రైవర్ చూసి బ్రేకు వేశాడు కాబట్టి అంతటితో పోయింది. ఆస్పత్రిలో వాళ్లమ్మ నన్ను ఒకటే అడిగింది: "పరిగెడితే పడ్డాడా బాబూ, తొందరపడి పడ్డాడా?" తొందరపడే పడ్డాడు. ఆమెకీ అదే చెప్పాను.

సీజన్ ఇప్పుడే మొదలవుతోంది. ఆగస్టు ఆఖరులో హైదరాబాద్ మారథాన్. దానికి అటూ ఇటూగా మహారాష్ట్రలో సతారా హిల్ హాఫ్ మారథాన్, 21 కిలోమీటర్లు. చలికాలం వచ్చేసరికి కొండల్లో, కాఫీ తోటల్లో అడవి దారి పరుగులు. ముందు రోజు బాగా నిద్రపోండి, కొత్త బూట్లతో పోటీకి వెళ్లకండి లాంటివన్నీ మీకు తెలుసు, మళ్లీ రాయను. పదకొండేళ్లుగా కొండల మీద పరిగెడుతున్నాను. మంచి మంచి రన్నర్లను నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టిన తప్పు ఈ పదకొండేళ్లలో ఒక్కటే చూశాను. అది ఎక్కుడులో జరిగేది కాదు. దిగుడులో కాళ్లు వదిలెయ్యడం, అంటే పల్లం లాగినంత వేగంగా ఆపుకోకుండా పోవడం.

తొడలకు ఏమవుతుంది

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు కూర్చుంటే తగ్గిపోతుంది. అదే దారిన నడిచి దిగినవాళ్లను మర్నాడు చూడండి. కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఆనించాలి. ఎక్కడం ఊపిరికి పని, దిగడం తొడలకు పని. దిగేటప్పుడు తొడ ముందు కండరం బిగుసుకుని ఉండగానే సాగుతుంది. అడుగడుగుకీ ఒంటి బరువును ఆపే బ్రేకు అదే. అలా సాగడంలో లోపలి పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి అప్పుడే తెలియదు, మర్నాడు మొదలై రెండో రోజో మూడో రోజో ముదురుతుంది. కండరం బలం మాత్రం ఆ పరుగులోనే తగ్గిపోతుంది.

ఈ తప్పు ఇంతమందిని ముంచడానికి కారణం, చేస్తున్నంతసేపూ హాయిగా ఉండటమే. ఊపిరి సులువుగా ఆడుతుంది. వాచీలో పేస్, అంటే కిలోమీటరుకి పట్టే సమయం, అందంగా కనిపిస్తుంది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోతాం.

సతారాలో ఊళ్లోంచి యవతేశ్వర్ ఘాట్ ఎక్కి, కాస్ వైపు వెళ్లి, మళ్లీ అదే దారిన దిగి రావాలి. మొదటిసారి వెళ్లినప్పుడు పైన వెనక్కి తిరగగానే "ఇక అంతా దిగుడే" అనుకుని కాళ్లు వదిలేశాను. నాలుగైదు కిలోమీటర్లు తేలినట్టే వచ్చాను. పదహారో కిలోమీటరు దగ్గర తొడలు వణకడం మొదలైంది. ముందంతా ఇంకా దిగుడే ఉంది, దిగడానికి కాళ్లు లేవు. మిగతాది నడిచాను. ఇంటికొచ్చాక నాలుగు రోజులు మెట్లు పక్కకి తిరిగి దిగాను. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి పోవడానికి రెండు నెలలు పట్టింది, ఆ ఏడాది సీజన్ అక్కడితో అయిపోయింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు బోస్టన్ మారథాన్ గురించి అడుగుతుంటారు. అక్కడ మొదలే పల్లం. న్యూటన్ కొండలు 26వ కిలోమీటరు ప్రాంతంలో మొదలై, హార్ట్‌బ్రేక్ హిల్ అనే ఆఖరి ఎక్కుడు 33 దగ్గర వస్తుంది. ఆ కొండ నిజానికి పెద్దదేమీ కాదు. మొదట్లో పల్లంలో తొడలు పోగొట్టుకుని వచ్చినవాళ్లకు అది పెద్దదైపోతుంది. దక్షిణాఫ్రికాలో కామ్రేడ్స్ అనే పోటీలో ఒక ఏడాది కొండల వైపు ఎక్కితే ఇంకో ఏడాది డర్బన్ వైపు దిగుతారు, దాదాపు 90 కిలోమీటర్లు. రెండూ చేసినవాళ్లను అడగండి, ఎక్కే ఏడాది కంటే దిగే ఏడాదే కాళ్లను ఎక్కువ పాడుచేసిందని చెప్పేవాళ్లే ఎక్కువ.

దిగే పద్ధతి

అడుగులు చిన్నవిగా, త్వరత్వరగా వెయ్యండి. మడమ ముందుకు చాచి కొట్టకండి, చాచిన ప్రతిసారీ దెబ్బంతా మోకాలికి వెళ్తుంది. భయం వేసినప్పుడు అందరం ఒళ్లు వెనక్కి వాలుస్తాం. అలా వాలితేనే కాలు జారుతుంది, కాబట్టి నిటారుగా, కొద్దిగా ముందుకే ఉండండి. చేతులు కాస్త పక్కలకు విప్పండి. చూపు మూడు నాలుగు మీటర్ల ముందుండాలి.

వేగం ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? పక్కవాళ్లతో మాట్లాడగలుగుతున్నామా అన్నది ఎక్కుడుకి మంచి పరీక్ష. దిగుడుకి అది పనికిరాదు, దిగేటప్పుడు అందరూ మాట్లాడగలరు. నా పరీక్ష వేరే. ఇప్పుడు ఎదురుగా ఒక కుక్క అడ్డం వస్తే నాలుగైదు అడుగుల్లో ఆగగలనా? ఆగలేనంటే కాళ్లు వదిలేశానన్నమాట. ఆదివారం ఆ కుర్రాడికి పాచి కనిపించింది. కనిపించినా ఆగలేకపోయాడు.

మొదటి సగంలో దిగుడు వస్తే, చదును రోడ్డు మీద మీ పేస్ కంటే కిలోమీటరుకి 15 సెకన్లకు మించి వేగం పెంచకండి. ఇది నా అనుభవంతో పెట్టుకున్న లెక్క. దిగుడు మరీ నిటారుగా ఉన్న చోట, తడిగా ఉన్న చోట నడవండి.

దిగుడునీ ప్రాక్టీసు చెయ్యాలి. కొండెక్కి, ఆటోలో దిగిపోయేవాళ్లను చూస్తున్నాను. సగం పనే చేసినట్టు. కండరం ఒకసారి దిగుడు దెబ్బ తిని కోలుకుంటే తర్వాతిసారి బాగా తట్టుకుంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. పోటీకి ఎనిమిది వారాల ముందు చిన్న దిగుడుతో మొదలుపెట్టి, పది రోజులకోసారి కొంచెం కొంచెంగా పెంచండి. ఆఖరి గట్టి దిగుడు పోటీకి రెండు వారాల ముందే అయిపోవాలి. విశాఖలో కైలాసగిరి రోడ్డు ఉంది, సింహాచలం కొండ రోడ్డు ఉంది. హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు చాలు. ట్రెడ్‌మిల్ మీద ఎక్కుడు పెట్టుకోవచ్చు, దిగుడు చాలా మిషన్లలో ఉండదు. సింహాచలం గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచాం కదా, అదే ప్రాక్టీసు అనుకోకండి. ఆ నడక ఓర్పు నేర్పుతుంది, దిగడం నేర్పదు.

నొప్పి మాత్రలు

తొడలు పోయాక చాలామంది జేబులోంచి ఐబుప్రొఫెనో డైక్లోఫెనాకో తీసి మింగుతారు. కొందరైతే స్టార్ట్ లైన్ దగ్గరే, ముందు జాగ్రత్త అంటూ. చెమట పోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు వెళ్లే రక్తమే తగ్గుతుంది, ఈ మాత్రలు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. చితికిన కండరంలోంచి రక్తంలోకి చేరే పదార్థాలను వడకట్టాల్సింది కూడా ఆ కిడ్నీలే. పరుగు తర్వాత మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. దిగుడులో కాళ్లు వదిలెయ్యకపోతే ఆ మాత్ర గురించి ఆలోచించాల్సిన అవసరమే చాలామందికి రాదు.

నీళ్ల గురించి రాయనవసరం లేదనుకున్నాను గానీ ఒక్క మాట. తక్కువ తాగడం ఒకటే కాదు, ఎక్కువ తాగడమూ ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, పడిపోయి ఉంది. నాలుగు గంటలు దాటి పరిగెత్తేవాళ్లకు, ప్రతి స్టాల్ దగ్గరా ఆగి తాగేవాళ్లకు ఇది ఎక్కువ. దాహమైనంత తాగండి.

రోడ్డు, అడవి, వాన

ఎదురొచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకి కుడివైపు పరిగెత్తండి. ముందేముందో కనిపించని మలుపు కుడివైపుకి తిరుగుతుంటే మాత్రం మలుపు రాకముందే రెండువైపులా చూసుకుని ఎడమ అంచుకి దాటండి, లోపలి అంచున ఉన్న మనిషి డ్రైవర్‌కి కనపడడు. ఇయర్‌ఫోన్లు వద్దు. ఘాట్‌లో పెట్రోలు కలిసొస్తుందని ఇంజిన్ ఆపేసి, న్యూట్రల్‌లో దిగే బైకులుంటాయి. వాటికి చప్పుడు ఉండదు. మీరూ దిగుడులో, వాళ్లూ దిగుడులో, ఇద్దరూ ఆగలేరు.

అడవి దారిలో తడి ఆకుల కింద ఏముందో కనిపించదు. రాలిన ఆకుల్లో రక్తపింజర కదలకుండా పడుకుంటుంది, రంగు కలిసిపోతుంది. చీకట్లో హెడ్‌లైట్ లేకుండా అడుగు పెట్టకండి. కాటు వేస్తే కట్టు బిగించకండి, కొయ్యకండి, పరిగెత్తకండి. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, మోసుకుని తీసుకెళ్లాలి.

కొండ మీద చలిని తేలిగ్గా తీసుకోకండి. 2021 మే 22న చైనాలోని గాన్సు కొండల్లో 100 కిలోమీటర్ల పోటీలో ఉన్నట్టుండి గాలి, వడగళ్ల వాన వచ్చి 21 మంది రన్నర్లు చనిపోయారు. చాలామంది ఒంటి మీద పల్చటి బనియను, నిక్కరే ఉన్నాయి. ఒళ్లు తడిసి, గాలి తగిలి, కాళ్లు ఆడక వేగం తగ్గితే ఒంట్లో వేడి పుట్టదు. పల్చటి వాన కోటు నడుం సంచిలో ఉండాలి, బరువని తీసెయ్యొద్దు.

ఇక మిగతావి.

గెడ్డ (వాగు) పొంగితే దాటొద్దు. ముందున్నవాళ్లు దాటారని అసలే దాటొద్దు.

ఉరుము వినిపిస్తే శిఖరం వదిలి దిగండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు.

సెంటు కొట్టుకుని అడవిలోకి రావద్దు. తేనెపట్టులుంటాయి.

జ్వరం వచ్చి తగ్గిన వారంలో పోటీ వద్దు. ఫీజు పోతే పోనీ.

గుండెలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, ఎప్పుడూ లేని ఆయాసం. ఆగండి. "గ్యాస్" అని మీకు మీరు చెప్పుకోకండి.

ఎండలో, ఉక్కలో పక్కవాళ్లు తూలుతూ, సంబంధం లేని మాటలు మాట్లాడుతుంటే వడదెబ్బే అనుకోండి. అంబులెన్సు వచ్చేదాకా చూస్తూ నిలబడకండి. నీడలో పడుకోబెట్టి, దొరికిన నీళ్లన్నీ ఒళ్లంతా పోసి, విసరండి. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆస్పత్రికి బయల్దేరాలి.

కాలి గోళ్లు కత్తిరించుకోండి. దిగుడులో వేళ్లు బూటు ముందుకి కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. లేసు చీలమండ దగ్గర ఆఖరి రంధ్రం దాకా బిగించండి.

బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితం) వెనక బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు రాయండి. ఖాళీగా వదలకండి.

ఘాట్‌లో సెల్ఫీ కోసం గోడ ఎక్కకండి.

లడఖ్ పోటీకి ముందు రోజు విమానం దిగేలా టికెట్ తీసుకోకండి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గాలికి అలవాటు పడటానికి రోజులు పడుతుంది.

పేసర్, అంటే జెండా పట్టుకుని లెక్క ప్రకారం ముందు పరిగెత్తే మనిషి, దిగుడులో వేగం పెంచితే పేసర్‌ని వదిలెయ్యండి. ఆ జెండా మీ తొడల్ని చూసుకోదు.

స్నేహితుడు ముందుకు పోతున్నాడని వెంటపడకండి. మీకంటే చిన్నవాడు దాటితే దాటనివ్వండి. దిగుడులో కాళ్లు వదిలెయ్యకండి. ఫినిష్ కనిపిస్తున్నా వదిలెయ్యకండి. ఫొటోగ్రాఫర్ కనిపించినా వదిలెయ్యకండి.

ఈ ఆదివారం మా గ్రూపు మళ్లీ అదే ఘాట్‌కి వెళ్తోంది. ఐదున్నరకి కొండ కింద ఉండండి. ఆ పాచి మలుపు దగ్గర అందరం నడిచే దిగుతాం. అక్కడ కూడా పరిగెడతాననేవాళ్లు రావద్దు.