సంఘ చరిత్ర రాయమన్నారా? ముందు డీకన్‌గారి ట్రంకుపెట్టె తెరిపించండి

మన బాప్టిస్టు సంఘానికి, అంటే ఊరి చర్చికి, నూరేళ్ళ పండగ వస్తోందంటే కమిటీలో మొదటి తీర్మానం సావనీరు (జ్ఞాపక సంచిక) వెయ్యడం, రెండోది ఎవరి చేత రాయించాలన్నది. నాలాంటి రిటైరైన సోషల్ టీచర్ కంటపడితే ఇక వేరేవాళ్ళని వెతకరు. మా కనిగిరి వైపు సంఘానికి అలాగే రాశాను. ఇప్పుడు పొదిలి, దర్శి వైపు పిల్లలు ఫోన్ చేసి ఎక్కడ మొదలుపెట్టాలని అడుగుతున్నారు.

మన ఊళ్ళోనే మొదలుపెట్టాలి. బాప్టిస్టులకి బిషప్పు లేడు, ఏ సంఘం పెత్తనం ఆ సంఘానిదే. నెల్లూరులో మన తెలుగు బాప్టిస్టు సంఘాలన్నిటి ఉమ్మడి సంస్థ, "సమావేశం", ఆఫీసుకి వెళ్తే మీ పల్లె బాప్తిస్మాల పుస్తకం చేతిలో పెడతారని ఆశపడకండి. అది ఉంటే పాత కార్యదర్శి ఇంటి అటక మీదో, డీకన్‌గారి (సంఘ పరిచారకుడి) ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. బాప్తిస్మాల పుస్తకం, మినిట్స్ పుస్తకం, కానుకల లెక్క: ఈ మూడూ అడగండి. "ఇవ్వండి, మళ్ళీ తెచ్చిస్తాం" అంటే ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. "మీ వసారాలోనే కూర్చుని ఫోన్లో ఫొటోలు తీసుకుంటాం" అనండి. అట్టతో మొదలుపెట్టి ఖాళీ పేజీ కూడా వదలకుండా వరసగా తీయండి. తేదీ వెయ్యని పేజీ ఏ ఏటిదో ముందు వెనక పేజీలే చెబుతాయి.

బాప్తిస్మాల పుస్తకం చదవడంలో ఒక మెలకువ ఉంది. మనం పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వం కదా, కాబట్టి ఆ తేదీ పక్కనున్న మనిషి అప్పటికే బుద్ధి తెలిసినవాడు. దాన్ని పుట్టినరోజు అనుకుంటే మనవడు తాతకన్నా పెద్దవాడైపోతాడు. ఆఖరి గడి, "రిమార్కులు", తప్పకుండా చూడండి. బదిలీ, మరణం, అక్కడక్కడా ఎర్ర సిరాతో "సంఘ క్రమశిక్షణ", అంటే తప్పు చేశారని సంఘం తీసుకున్న చర్య. ఆ ఎర్ర సిరా మీరు చదువుకోవడానికే, సావనీరుకి కాదు. వాళ్ళ మనవలు ఇవాళ అదే గుళ్ళో ముందు వరసలో కూర్చుంటున్నారు.

మన సంఘాలకి ఒక్క పుట్టినరోజు ఉండదు, అందుకే కమిటీల్లో పోట్లాటలు. ఊళ్ళో మొదటి విశ్వాసి బాప్తిస్మం ఒక ఏడు, సంఘంగా ఏర్పడింది ఇంకో ఏడు, గుడి కట్టింది మరో ఏడు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఏర్పడింది. తర్వాత చాలా ఏళ్ళు చుట్టుపక్కల పల్లెల విశ్వాసులందరినీ ఆ ఒక్క సంఘం లెక్కలోనే రాసుకున్నారు. కాబట్టి మీ ఊరివాళ్ళ బాప్తిస్మాలు మీ సంఘం పుట్టకముందువై ఉంటే కంగారుపడకండి. మూడు తేదీలూ విడివిడిగా వెయ్యండి.

ఇక క్లౌ దొర, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ప్రతి ఇంట్లోనూ "మా ముత్తాతకి క్లౌ దొరే స్వయంగా బాప్తిస్మం ఇచ్చాడు" అంటారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. దొర పని ఏర్పాట్లు చూడటం. అంతకుముందు 1876–78 నాటి ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట పడకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు కూడా. ఇవి గొప్ప సంగతులే. అయితే సగం సావనీరు వీటితో నింపి మన ఊరికి రెండు పేజీలు మిగిల్చిన పుస్తకాలు నేను బోలెడు చూశాను. దొరకి ఒక పేరా చాలు. దొర రాకముందే తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఊరూరా సువార్త చెప్పిన ఎర్రగుంట్ల పేరయ్యలాంటి మనిషి మీ ఊళ్ళో ఎవరో వెతకండి. జీతం అరకొరగా వచ్చినా బడి, ప్రార్థన రెండూ నడిపిన మాస్టారు ఎవరు? ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు చెప్పిన "బైబిల్ స్త్రీ" ఎవరు?

ఇది పెద్దవాళ్ళ నోటి నుంచే రావాలి. "ఏ సంవత్సరం?" అని అడిగితే మామ్మ నోరు మూసుకుంటుంది. "దివిసీమ ఉప్పెనకి గుడి పెంకులదా, మిద్దెదా?" అనండి, 1977కి ముందో వెనకో తేలిపోతుంది. "ఇందిరమ్మ చనిపోయేనాటికి ఎవరు పాస్టరు?" అంటే 1984. ఇద్దరిని ఒకేసారి కూర్చోబెట్టకండి. పెద్దాయన చెబుతుంటే ఆవిడ తలాడించి ఊరుకుంటుంది, ఆవిడకే ఎక్కువ తెలిసినా సరే. స్త్రీల సమాజం కూటమి అయిపోయాక, టీ వేళకి వెళ్ళి కూర్చోండి.

ఆఫీసు కాగితాలకి వెళ్ళేముందు ఆ ఏడు మీ ఊరు ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోండి. 1970లో ప్రకాశం జిల్లా పుట్టకముందు కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు నెల్లూరులో ఉండేవి. ఒంగోలు 1904 నుంచి గుంటూరులో, మార్కాపురం కర్నూలులో. కందుకూరుని 2022లో మళ్ళీ నెల్లూరుకి కలిపారు, ఆ తర్వాత కూడా ఇక్కడి జిల్లాల హద్దులు మారాయి. గుడి స్థలం దస్తావేజుకి ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) తీయిస్తే కంప్యూటర్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు పాతదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. స్థలం మీద తగాదా ఉంటే మాత్రం అచ్చుకి ముందు లాయరుకి చూపించండి.

శంకుస్థాపన రాయి మీద పండక్కొక పొర ఎనామిల్ పెయింట్ పడి ఉంటుంది. గీకకండి, యాసిడ్ పొయ్యకండి. చీకటి పడ్డాక టార్చి లైటు రాయికి ఆనించి పక్కనుంచి వెయ్యండి, చెక్కిన అక్షరాల నీడలు లేస్తాయి. సమాధుల రాళ్ళకీ ఇదే పని చెయ్యండి.

చివరగా పేర్లు. మనలో చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు: క్రైస్తవులని రాస్తే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతుంది. కాబట్టి బతికున్నవాళ్ళ పేరుగానీ, గ్రూపు ఫొటోగానీ అచ్చెయ్యాలంటే ఒక్కొక్కరినీ విడిగా అడగండి, వాళ్ళు వద్దంటే కారణం అడగకుండా తీసెయ్యండి. ప్రూఫు కాగితాలు కూడా కమిటీ చేతుల్లో తిప్పేది ఆ పేర్లు తీసేసిన తర్వాతే.