కొత్త మున్సిఫ్ కోర్టు కోరేవారు ఖజానా ఖర్చును లెక్కగట్టే విధానం

తమ పట్టణానికి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు (పాత పేరు మున్సిఫ్ కోర్టు) మంజూరు చేయాలని కోరే వినతిపత్రాలలో జిల్లా కేంద్రం ఎంత దూరమో, ఒక్క వాయిదాకు కక్షిదారులు ఎన్ని బస్సులు మారాలో, ఎన్ని కేసులు పెండింగులో ఉన్నాయో వివరంగానే ఉంటాయి. ఆ కోర్టును నడపడానికి ప్రభుత్వానికి ఏటా ఎంత అవుతుందో చెప్పే పేజీ మాత్రం చాలా వాటిలో కనిపించదు. ప్రతిపాదన ఆర్థిక శాఖకు చేరాక కొర్రీ పడేది అక్కడే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని న్యాయవాదుల సంఘాలు, స్థానిక ప్రజాప్రతినిధులు, విలేకరులు ఆ పేజీని స్వయంగా తయారు చేసుకోవడానికి ఈ వివరణ ఉపయోగపడుతుంది. కోర్టు కావాలని అడగడం ఎంత న్యాయమో, దాని ఖర్చును తగ్గించి చూపకుండా చెప్పడం అంత అవసరమని నా దృఢమైన అభిప్రాయం. తక్కువ చూపి తెచ్చుకున్న కోర్టులో స్టెనోగ్రాఫర్ పోస్టు ఉండదు, సమన్లు అందించే మనిషి చాలడు, చివరికి ఆ లోటును మోసేది వాయిదాకు వచ్చిన కక్షిదారుడే.

ముందుగా డబ్బు ఏ దారిన వస్తుందో తెలుసుకోవాలి. 1976 నాటి 42వ రాజ్యాంగ సవరణతో న్యాయ పరిపాలన ఉమ్మడి జాబితాలోకి వచ్చినా, కింది కోర్టుల రోజువారీ ఖర్చులో అత్యధిక భాగాన్ని భరించేది రాష్ట్రమే. హైకోర్టు నుంచి ప్రతిపాదన వెళ్లాలి, న్యాయ శాఖ పరిశీలించాలి, ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, ఆ తరువాతే పోస్టుల మంజూరు జీవో వెలువడుతుంది. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలలో ఈ రెవెన్యూ ఖర్చు 2014 నంబరు గల న్యాయ పరిపాలన పద్దు కింద కనిపిస్తుంది. కనుక మీ అంచనా కూడా ఆ పద్దులో ఇమిడే విధంగానే, అంటే జీతాలు, భత్యాలు, కార్యాలయ ఖర్చులు, అద్దె అనే వరుసలోనే ఉండాలి.

ఇక అసలు కొత్త కోర్టు అవసరమా అన్న ప్రశ్నకు పెండింగు సంఖ్య ఒక్కటే జవాబు కాదు. 2014లో లా కమిషన్ తన 245వ నివేదికలో జనాభాకు ఇంతమంది జడ్జీలు అనే లెక్క కంటే, ఒక జడ్జి ఏడాదికి ఎన్ని కేసులు పరిష్కరిస్తున్నారు, కొత్తగా ఎన్ని దాఖలవుతున్నాయి అన్న పద్ధతి మేలని సూచించింది. నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్‌లో మీ ప్రాంతపు కోర్టుల పెండింగు వివరాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. కొత్త కోర్టు పరిధిలోకి రాబోయే మండలాల నుంచి మూడేళ్లలో దాఖలైన కేసులను విడదీసి చూడండి. అవి ఒక జడ్జికి ఏడాది పొడవునా పని కల్పించేలా లేకపోతే, వారంలో కొన్ని రోజులు క్యాంపు కోర్టు నడపాలని కోరడం ఖజానాకూ ప్రజలకూ మంచిది.

ఒక్కసారి అయ్యే ఖర్చుపై ఎక్కువ సేపు ఆగనక్కరలేదు. భవనం, జడ్జి నివాసం, ఫర్నిచర్, రికార్డు గది, మహిళలకు వేచి ఉండే గది, మరుగుదొడ్లు, ర్యాంపు, నిందితులను ఉంచే గది అందులోకి వస్తాయి. 1993-94 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రాయోజిత పథకం కింద మన రాష్ట్రాలలో కోర్టు భవనాల ఖర్చును కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో పంచుకుంటాయి. ఆ పథకాన్ని 2021-22 నుంచి 2025-26 వరకు రూ. 9,000 కోట్ల అంచనాతో పొడిగించారు. మీ ఏడాదికి కొనసాగింపు ఉత్తర్వు ఉందని నిర్ధారించుకున్నాకే కేంద్ర వాటాను రాయాలి. ఆ వాటా భవనాలకే తప్ప జీతాలకు రాదు. భవనం పూర్తయ్యేదాకా అద్దె ఇంట్లో నడపదలిస్తే, ఆ అద్దె ఏటా అయ్యే ఖర్చులోకి పోతుంది. కంప్యూటర్లు, వీడియో కాన్ఫరెన్స్ సామగ్రి 2023లో రూ. 7,210 కోట్లతో ఆమోదం పొందిన ఈ-కోర్టుల (కోర్టుల కంప్యూటరీకరణ) పథకం మూడో దశ నుంచి రావచ్చు, కానీ వారంటీ ముగిశాక వాటి నిర్వహణకు ఒక వరుస తప్పనిసరిగా పెట్టాలి.

అసలు బరువంతా జీతాల దగ్గర ఉంది. జస్టిస్ పి. వెంకటరామిరెడ్డి నేతృత్వంలోని రెండో జాతీయ న్యాయ వేతన సంఘం సిఫార్సు మేరకు, 2016 జనవరి 1 నుంచి జూనియర్ డివిజన్ సివిల్ జడ్జి ప్రారంభ మూల వేతనం నెలకు రూ. 77,840. పన్నెండు నెలలకు అది రూ. 9,34,080 అవుతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. దీనికి అమలులో ఉన్న కరువు భత్యం, ఇంటి అద్దె లేదా క్వార్టరు ఖర్చు, పెట్రోలు, ఫోను, ఇంటి సహాయకుని భత్యం, వైద్య ఖర్చు, సెలవు ప్రయాణ రాయితీ, పింఛను భారం కలపాలి. ఆ స్కేలు గరిష్ఠం రూ. 1,36,520 కనుక, ప్రారంభ వేతనంతో వేసిన అంచనా ఇంక్రిమెంట్లు కలిసేకొద్దీ ఏటా వెనకబడుతుంది.

జడ్జి ఒక్కరితో కోర్టు నడవదు. సూపరింటెండెంటు, బెంచ్ క్లర్కు, స్టెనోగ్రాఫర్, కోర్టు డబ్బు లెక్కలు చూసే నాజరు, జూనియర్ అసిస్టెంట్లు, టైపిస్టు, నకళ్లు తయారు చేసే కాపీయిస్టు, డిక్రీలు అమలు చేసే అమీను, సమన్లు అందించే ప్రాసెస్ సర్వర్లు, అటెండర్లు, వాచ్‌మన్: ఈ పోస్టులను ఒక్కొక్కటిగా రాసి, ప్రతిదాని ఎదుట రాష్ట్ర వేతన స్కేలు, భత్యాలు వేయాలి. ప్రాసెస్ సర్వర్ల సంఖ్యను కుదించాలన్న ఆలోచన ఎక్కువగా వస్తుంది, దానికి లొంగవద్దు. సమన్లు అందని కేసు తొలి మెట్టు దగ్గరే వాయిదాల మీద వాయిదాలు పడుతుంది, అలాంటి కోర్టుకు పెట్టిన మిగతా ఖర్చంతా అక్కరకు రాదు. అవుట్‌సోర్సింగ్ పోస్టులుంటే, అవి ఎవరి పద్దులో పడతాయో పక్కనే రాయాలి.

మీ మొత్తం సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక కొలమానం ఉంది. 2019లో అత్యాచారం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల కోసం 1,023 ఫాస్ట్ ట్రాక్ ప్రత్యేక కోర్టులకు ఒక ఏడాది అంచనాగా కేంద్రం రూ. 767.25 కోట్లు చూపింది. భాగిస్తే కోర్టుకు సరిగ్గా రూ. 75 లక్షలు వస్తుంది. అది ఒక న్యాయాధికారి, ఏడుగురు సిబ్బంది ఉండే కోర్టుకు వేసిన లెక్క. మున్సిఫ్ కోర్టు స్థాయి వేరు, సిబ్బంది సంఖ్య వేరు, ధరలూ పెరిగాయి. అయినా మీ అంచనా ఏడాదికి ఇరవై, ముప్పై లక్షలే తేలితే ఏదో వరుస తప్పిపోయిందని అర్థం.

ఇతర శాఖల ఖర్చు అంచనాలలో తరచుగా తప్పిపోతుంది. జూనియర్ సివిల్ జడ్జి సాధారణంగా మొదటి తరగతి జ్యుడీషియల్ మెజిస్ట్రేటుగా కూడా వ్యవహరిస్తారు కనుక, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు, ఆయన కార్యాలయం, కోర్టు కానిస్టేబుళ్లు, ఖైదీల ఎస్కార్టు, న్యాయ సేవల సంస్థ నియమించే న్యాయవాది ఫీజు అన్నీ అవసరమవుతాయి. ఇవి హోం శాఖ, న్యాయ సేవల పద్దులలో పడినా ఖర్చు పెట్టేది ఖజానాయే. మరోవైపు పోలీసుల ప్రయాణం, సాక్షుల బత్తా కొంత తగ్గవచ్చు. పాత కోర్టులో పోస్టులు తగ్గవు, అక్కడి భారం మాత్రమే తగ్గుతుంది, కనుక దాన్ని డబ్బు ఆదాగా చూపకూడదు.

ఆదాయం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. పాత కోర్టు నుంచి బదిలీ అయ్యే దావాలకు కోర్టు ఫీజు అప్పటికే కట్టి ఉంటారు, అది కొత్త రాబడి కాదు. లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసులలో, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, కోర్టు ఫీజు వాపసు ఇస్తారు. కక్షిదారులకు మిగిలే బస్సు చార్జీలు, దక్కే కూలీ డబ్బులు చాలా విలువైనవి, కానీ వాటిని ప్రభుత్వ ఖర్చు నుంచి తీసివేయకుండా వేరే పట్టికలో చూపాలి. కోర్టు ఎందుకు కావాలో చెప్పే బలమైన ఆధారం ఆ పట్టికే.

గడువుతో వచ్చే డబ్బును నమ్ముకుని అంచనా వేయడం ప్రమాదకరం. పదకొండో ఆర్థిక సంఘం 1,734 ఫాస్ట్ ట్రాక్ కోర్టులకు రూ. 502.90 కోట్లు సిఫార్సు చేసింది. 2011 మార్చి 31తో కేంద్ర సహాయం ఆగిపోయాక వాటి భారం రాష్ట్రాల మీద పడింది. 2008 నాటి గ్రామ న్యాయాలయాల చట్టం కింద కేంద్రం ఒక్కో దానికి ఒకసారి ఇచ్చే సహాయం రూ. 18 లక్షలకు, నిర్వహణకు ఇచ్చేది మొదటి మూడేళ్లలో ఏడాదికి రూ. 3.20 లక్షలకు పరిమితమైంది. దేశమంతటా 5,000 వరకు రావాలనుకున్న చోట అందులో పదో వంతు కూడా నడవకపోవడానికి ఈ నిధుల కొరత ఒక ముఖ్య కారణం. అందుకే మీ అంచనాను కనీసం ఐదేళ్లకు, ఏడాది వారీగా వేయండి, ప్రతి ఏడాదికీ ఏ మొత్తాన్ని ఎవరు భరిస్తారో పక్క గడిలో రాయండి.

అంకెల కోసం ఊహలపై ఆధారపడవలసిన పని లేదు. మీ జిల్లాలోనే అదే స్థాయిలో నడుస్తున్న ఒక కోర్టును ఎంచుకొని, మంజూరైన పోస్టులు, ఖాళీలు, గత రెండేళ్ల జీతాల బిల్లుల మొత్తం, అద్దె, విద్యుత్తు, స్టేషనరీ ఖర్చులను సమాచార హక్కు దరఖాస్తు ద్వారా జిల్లా కోర్టు పౌర సమాచార అధికారిని అడగండి. ఖాళీలు ఉన్న కోర్టు బిల్లు అసలు ఖర్చు కంటే తక్కువగా ఉంటుంది కనుక, మంజూరైన పోస్టులన్నీ నిండితే ఎంతవుతుందో తిరిగి కట్టుకోవాలి. పట్టిక పైభాగాన ఏ తేదీనాటి వేతనాలు, ఏ కరువు భత్యం శాతం వాడారో రాసి, వినతిపత్రానికి జతచేసి ప్రధాన జిల్లా జడ్జి ద్వారా హైకోర్టు రిజిస్ట్రీకి పంపాలి, ప్రతిని న్యాయ శాఖ కార్యదర్శికి కూడా ఇవ్వాలి.