ఒకే తోట బరోలో: సీసా ఎంచుకోవడం నుంచి గ్లాసులో పోసుకోవడం వరకు

ఇటలీ వాయవ్యాన పీడ్‌మాంట్ ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి నైరుతి దిక్కున లాంగే కొండలున్నాయి. ఆ కొండల మీది 11 గ్రామాల పరిధిలో పండిన నెబ్బియోలో ద్రాక్షతో, మరే రకమూ కలపకుండా చేసిన ఎర్ర వైన్‌కే బరోలో అనే పేరు చెల్లుతుంది. తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న వైనరీ నుంచి, అందులోనూ ఒకే తోట పంటతో చేసిన సీసాను కొనదలచినవారికి ఉపయోగపడే సంగతులను ఇక్కడ వివరిస్తున్నాను. ఇటువంటి సీసా ధర ఎక్కువ. పైగా సమయం రాకముందే తెరిస్తే నాలుక పీక్కుపోయేంత వగరు తప్ప మరేమీ తెలియదు కనుక, కొనడానికి ముందే కొంత తెలుసుకోవడం మంచిది.

ఉదాహరణగా మోన్‌ప్రివాతో తోటను తీసుకుందాం. కస్తిల్యోనె ఫల్లెత్తో గ్రామంలో, నైరుతి ఎండ బాగా తగిలే వాలు మీద, సున్నం ఎక్కువగా ఉన్న తెల్లని బంకమట్టి నేలలో ఈ తోట ఉంది. 1881లో మొదలైన జుసెప్పె మస్కరెల్లో ఎ ఫిల్యో అనే కుటుంబ వైనరీ 1904లో ఇక్కడ భూమి కొన్నది. అయితే ఈ తోట పంటను విడిగా సీసాల్లోకి నింపి, దాని పేరునే లేబుల్ మీద వేయడం 1970 పంటతో, మౌరో మస్కరెల్లో హయాంలో ఆరంభమైంది. అంతకు ముందు లాంగేలో చాలా కుటుంబాలు వేర్వేరు తోటల పంటను కలిపి ఒకే బరోలోగా చేసేవి. తోటల పేర్లు మాత్రం కొత్తవి కావు: 1752 సంవత్సరం, కన్నూబి అనే తోట పేరు రాసి ఉన్న సీసా ఒకటి నేటికీ భద్రంగా ఉంది.

కొనేటప్పుడు ముందుగా లేబుల్‌ను నిదానంగా చదవాలి. బరోలో అన్న మాట కింద డి.ఓ.సి.జి. అన్న గుర్తింపు (ఇటలీ వైన్లకు ఇచ్చే అత్యున్నత అధికారిక హోదా), సీసా మెడ మీద వరుస సంఖ్య గల ప్రభుత్వ పట్టీ తప్పక ఉండాలి. తోట పేరు విషయంలో ఇప్పుడు నియమాలు గట్టిగా ఉన్నాయి. 2010లో బరోలో పరిధిలోని తోటల ఎల్లలను అధికారికంగా గీసి, 181 పేర్లతో జాబితా రూపొందించారు. వాటిలో 11 గ్రామాల పేర్లు కాగా మిగిలిన 170 తోటల పేర్లు. ఆ జాబితాలోని పేరు లేబుల్ మీద ఉంటే పంట ఆ ఎల్లల లోపలిదని అర్థం. 'వీన్యా' అన్న మాట కూడా ఉంటే, అది ఆ తోటలో ఇంకా చిన్న మడికి సంబంధించినదని, దానికి అనుమతించిన దిగుబడి మరింత తక్కువని గ్రహించవచ్చు. 'రిసెర్వా' అన్నది తోటకు కాక కాలానికి సంబంధించిన మాట. మామూలు బరోలోను పంట సంవత్సరపు నవంబరు 1 నుంచి కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాలో, మాగబెట్టాలి; రిసెర్వాకు 62 నెలలు గడవాలి. అందుకే 2020 పంట బరోలో 2024 జనవరికి ముందు అంగడికి రాలేదు. మోన్‌ప్రివాతోలోనే నెబ్బియోలోలోని మికెట్ అనే రకంతో, మంచి సంవత్సరాల్లో మాత్రమే, 1993 పంట నుంచి చేస్తున్న 'కా ద మొరిస్సియో' అటువంటి రిసెర్వా.

ఇంటిపేర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. లాంగేలో ఒకే ఇంటిపేరుతో రెండు మూడు వైనరీలు ఉండటం సాధారణం కాబట్టి ఇంటిపేరు చూసి కాక, దాని ముందున్న పేరు చూసి కొనాలి. కొంతెర్నోలలో జాకొమో వేరు, ఆల్దో వేరు. అలాగే జుసెప్పె మస్కరెల్లో వేరు, బరోలో గ్రామంలోని బర్తోలో మస్కరెల్లో వేరు. ఈ రెండో కుటుంబం ఒకే తోట పద్ధతిని అంగీకరించనే లేదు. కన్నూబి, సాన్ లొరెంత్సో, రుయే, రొక్కె వంటి వేర్వేరు చోట్ల పంటను పాత ఆచారం ప్రకారం కలిపి ఒకే వైన్ చేస్తుంది. 2005లో మరణించిన బర్తోలో, లేబుళ్ల మీద తన చేత్తో బొమ్మలు వేసేవారు. చిన్న ఫ్రెంచి పీపాల మీద, అప్పటి రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ మీద ఒకేసారి విసురుగా ఆయన రాసిన లేబుల్ ఇప్పటికీ ప్రసిద్ధం. ఒకే తోట వైన్ అంటేనే గొప్పదన్న నమ్మకంతో కొనేవారు ఈ కుటుంబాన్ని గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. తోట పేరు ఆ నేల స్వభావాన్ని చెబుతుంది, అంతే. నాణ్యతకు హామీ ఇచ్చేది చేసినవారి చేయి.

బర్తోలో గొడవపడిన ఆ పీపాల సంగతి కొనేవారికీ ముఖ్యమే. సంప్రదాయ పద్ధతిలో నెబ్బియోలో రసాన్ని తొక్కలతో కలిపి మూడు వారాలకు పైగా, కొన్నిచోట్ల నెల దాటేదాకా నాననిస్తారు. తరువాత క్రొయేషియాలోని స్లవోనియా ప్రాంతపు ఓక్ చెక్కతో చేసిన, వేల లీటర్లు పట్టే పెద్ద పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచుతారు. పీపా ఎంత పెద్దదైతే వైన్‌కు చెక్క వాసన అంత తక్కువగా పడుతుంది. 1980లలో కొందరు యువ ఉత్పత్తిదారులు నానబెట్టే కాలాన్ని కొద్ది రోజులకు కుదించి, 225 లీటర్ల కొత్త పీపాలను వాడి, త్వరగా తాగదగిన మెత్తని వైన్ చేశారు. నేడు ఆ రెండు పక్షాల మధ్య దూరం తగ్గింది. అయినా దుకాణంలో 'పెద్ద పీపాలో మాగినదా, చిన్న పీపాలోనా' అని ఒక్క ప్రశ్న అడిగితే సీసా ఎన్నేళ్లు ఆగాలో సుమారుగా తెలిసిపోతుంది. పెద్ద పీపాల సంప్రదాయ వైన్‌ను పంట సంవత్సరం నుంచి కనీసం పదేళ్లు ఆపడం మేలు. మంచి సంవత్సరమైతే ఇరవై, ముప్ఫై ఏళ్లు కూడా నిలుస్తుంది.

గ్రామాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. పడమటి వైపున లా మొర్రా, బరోలో గ్రామాల వైన్లు కాస్త ముందుగా మెత్తబడతాయి. తూర్పున సెర్రలుంగ, దక్షిణాన మోన్‌ఫోర్తె గ్రామాలవి గట్టిగా ఉండి ఆలస్యంగా విచ్చుకుంటాయి. కస్తిల్యోనె ఫల్లెత్తో నడుమన ఉంటుంది. పంట సంవత్సరాల విషయానికి వస్తే 2010, 2013, 2016 దీర్ఘకాలం దాచదగినవి. చల్లగా, వానలతో గడిచిన 2014 పంట తేలికైనది. దాచే ఓపిక లేనివారు తక్కువ ధరకు దొరికే అటువంటి సంవత్సరాన్నే ఎంచుకోవడం తెలివైన పని. మొదటిసారి కొనేవారికి నా సలహా ఇంకొకటి ఉంది: అదే కుటుంబం చేసే లాంగే నెబ్బియోలోను ముందు రుచి చూడాలి. ద్రాక్ష అదే, చేసేవారూ వారే, ధర మాత్రం చాలా తక్కువ. అది నచ్చకపోతే బరోలో జోలికి వెళ్లనక్కరలేదు.

సీసాను 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్య, చీకటిలో, బిరడా తడిగా ఉండేలా పడుకోబెట్టి దాచాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులోనో విజయవాడలోనో అద్దాల బీరువాలో అలంకారంగా నిలబెడితే ఒక్క ఎండాకాలంలోనే వైన్ ఉడికినట్లు తయారవుతుంది. వైన్ కోసమే చేసిన చిన్న ఫ్రిజ్ లేనివారు దాచడానికి కాక, అప్పటికే మాగిన సీసాను తాగడానికి కొనుక్కోవడమే మంచిది. విదేశాల నుంచి విమానంలో తెచ్చుకునేవారు ప్రయాణం తరువాత సీసాను కొన్ని వారాలు కదల్చకుండా ఉంచాలి.

పదేళ్లు దాటిన సీసా అడుగున మడ్డి పేరుకుంటుంది. అది పాడైన గుర్తు కాదు. తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందు సీసాను నిలబెడితే మడ్డి కిందికి దిగుతుంది. పాత బిరడా తేలికగా విరుగుతుంది కనుక స్క్రూను పూర్తిగా దించి, మెల్లగా లాగాలి. తెరిచిన వెంటనే ఒక గుక్క పోసి వాసన చూడాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, ఎంతసేపు గాలికి ఉంచినా పోదు, దుకాణానికి తిరిగి ఇచ్చేయవచ్చు. బాగుంటే సీసా మెడ వెనుక దీపం పెట్టుకొని, ఆపకుండా ఒకే ధారగా తేటను డికాంటర్ అనే గాజు కూజాలోకి వంపి, మడ్డి మెడ దగ్గరకు రాగానే ఆపేయాలి. వయసులో ఉన్న బరోలోను రెండు మూడు గంటలు గాలికి వదలాలి. ఇరవై ఏళ్లు పైబడినదాన్ని అంతసేపు ఉంచితే పరిమళం ఎగిరిపోతుంది, కాబట్టి తేర్చిన వెంటనే పోసుకొని, గ్లాసులోనే నెమ్మదిగా విచ్చుకోనివ్వాలి.

వెడల్పాటి పెద్ద గ్లాసు వాడి, మూడో వంతుకు మించి నింపకూడదు. 16 నుంచి 18 డిగ్రీల వద్ద తాగాలి. మన ఇళ్లలో గది వేడి అంతకంటే ఎక్కువ గనుక తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టడం తప్పు కాదు. రంగు పలుచగా, అంచున ఇటుక ఛాయలో కనిపిస్తే నీళ్లు కలిసిన వైనని అనుమానించనక్కరలేదు. నెబ్బియోలో స్వభావమే అది: రంగు తక్కువ, వగరూ పులుపూ ఎక్కువ. ఎండు గులాబీ, తారు, పుట్టగొడుగు, తడి ఆకుల వాసనలు క్రమంగా తెలుస్తాయి.

దీనితో పచ్చిమిరపకాయల కారం పొసగదు. కారం వగరును రెట్టింపు చేస్తుంది. చింతపండు పులుసు కూడా దీని పక్కన నిలవదు. మిరియాలు, అల్లంతో గంటలకొద్దీ ఉడికిన మటన్, కారం తగ్గించిన హలీమ్ బాగా సరిపోతాయి. లాంగేలో అయితే సన్నని తాయరిన్ నూడుల్స్ మీద ఆల్బా తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే పుట్టగొడుగు లాంటిది) తురిమో, బరోలోలోనే ఉడికించిన గొడ్డు మాంసపు బ్రసాతోతోనో తాగుతారు. మిగిలిన వైన్‌ను బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే వయసులో ఉన్నదైతే మరుసటి రోజుకు ఇంకా బాగుంటుంది. పాతదైతే ఆ పూటకే ముగించాలి. బ్రసాతో వండాలని మనసు పడితే కుండలో పోయడానికి చవకైన నెబ్బియోలో సీసా ఒకటి వేరుగా కొనుక్కోవాలి, ఎందుకంటే మూడు గంటల ఉడుకులో మోన్‌ప్రివాతోకూ దానికీ తేడా మిగలదు.